ఇయ్యాల ఏ రంగు?

నేను ఒక పాటను. గంజాయి మత్తులో పుట్టానని నా గురించి రాసినవాళ్ల నోట మన్ను పడ! నేను పుట్టింది సికింద్రాబాద్‌లో, ఒక రేకుల ఇంట్లో, కిరోసిన్ పొయ్యి పక్కన, పట్టపగలు. నన్ను కట్టింది సుగుణ. అప్పుడామెకు పంతొమ్మిదేళ్లు. చర్చిలో హార్మోనియం వాయించేది.

వాళ్ల నాన్న ఏసోబు అద్దకం కార్ఖానాలో నూలు రంగుల్లో ముంచేవాడు. ఇంటికి రాగానే రెండు చేతులూ చాపి, "బిడ్డా, ఇయ్యాల ఏ రంగు?" అనేవాడు. ఒకనాడు నీలం, ఒకనాడు నారింజ. ఆ రంగుల మందే మెల్లగా ఆయన కళ్లు తినేసింది. చూపు పోయింది, కొలువు పోయింది, చేతులకంటిన రంగూ పోయింది. అయినా సాయంత్రం కాగానే చేతులు చాపి అదే మాట అడిగేవాడు. "ఆకుపచ్చ నాయినా, ఇంకా తడి ఆరలే," అనేది సుగుణ. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ అబద్ధమే నా మూడో చరణం. అది విన్నప్పుడల్లా ఏసోబు నవ్వుకునేవాడు.

సుగుణ అన్న దేవసహాయానికి పొడుగు జుట్టు, ఎలక్ట్రిక్ గిటారు, నలుగురితో ఒక బ్యాండూ ఉండేవి. 1971లో వాళ్ల మొదటి రికార్డుకు ఒక పాట తక్కువైతే నన్ను తీసుకుపోయాడు. గిటారు మోతను వంకర్లు తిప్పి వాయించాడు, గుహలో అరిచినట్టు పాడాడు. అదంతా నాకు నచ్చింది, అబద్ధమెందుకు? కానీ రికార్డులో చోటు చాలలేదని మూడో చరణం కోసేశాడు. తన గిటారు వాయింపు మాత్రం క్షణం తగ్గించుకోలేదు, మహానుభావుడు! పైగా నన్ను రాసిందీ, కట్టిందీ దేవసహాయమేనని లేబుల్ మీద వేయించుకున్నాడు.

సుగుణ అడిగితే, "ఆడపిల్ల పేరేస్తే చర్చిల నలుగురు నవ్వుతరు. నీ మంచికేనే," అన్నాడు. ఆమె ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఇంట్లో రికార్డు పెట్టిన ప్రతిసారీ ఏసోబు చేతులు ఒళ్లో పెట్టుకుని తన చరణం కోసం కాచుకునేవాడు. సూది గీరుకుంటూ ఆగిపోయేది. "అయిపోయిందా?" అని అడిగేవాడు. పోయేదాకా అడిగాడు.

రికార్డును ఎవరూ కొనలేదు. బ్యాండు చెదిరిపోయింది. యాభై ఏళ్లు దాటాక, పాత రికార్డుల పిచ్చి ఉన్న బెంగళూరు మనిషొకడు నన్ను వెతికి పట్టుకుని, మళ్లీ అచ్చు వేయిస్తానని సైనిక్‌పురిలో ఒక కాఫీ హోటల్లో సభ పెట్టాడు. వేదిక మీద దేవసహాయం జుట్టు ఎగరేసి, "ఆ రంగులా? మస్తు మత్తుల ఉన్నం. ఆకాశమంత రంగులు కనబడ్డయి, రాసేసిన," అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. కన్నతండ్రి కళ్లు తిన్న రంగులయ్యా అవి! సిగ్గులేని మనిషి!

తరవాత నన్ను పాడాడు. రెండో చరణంతో ముగించి దండం పెట్టబోతుంటే, వెనక కుర్చీలోంచి సుగుణమ్మ లేచి నిలబడి మూడో చరణం ఎత్తుకుంది.

"కడిగిన చేతులు చాపి అడిగినవు, ఇయ్యాల ఏ రంగు?
ఆకుపచ్చనంటి నాయినా, తడి ఆరని రంగు."

ఆ చేతులు దేవసహాయమూ చూసినవే. గబగబా గిటారు అందుకుని ఆమె వెంట వాయించబోయాడు. వేళ్లు తడబడ్డాయి.

"ఆపన్నా," అంది సుగుణమ్మ. "నీకు రాదు."

గిటారు ఆగింది. ఆమె ఒక్కతే నన్ను చివరిదాకా పాడింది. లేబుల్ మీద పేరు మారుస్తానని బెంగళూరు మనిషి చేతులు జోడించాడు. మార్చనీ. నా కోపం చల్లారలేదు. "అయిపోయిందా?" అని అడిగిన ఏసోబు ఆ సభలో లేడు.