తోడల్లుడు పట్టిన వంజరం

ఉదయగిరిలో ఫొటో స్టూడియో నడిపే వరప్రసాదం ఆత్మకూరు లిదియమ్మకు పెద్దల్లుడు. అతను సోమశిల డ్యాం నుంచి బొచ్చె చేప తెస్తేగాని అత్తగారింట్లో ఆదివారం కూర పొయ్యెక్కేది కాదు. అట్లాంటిది, ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే చిన్నల్లుడు యేసుబాబు గాలం రాడ్డొకటి కొని, శనివారాలు ఇసకపల్లి పోయి సముద్రంలో వేట మొదలుపెట్టాక అంతా తారుమారైంది.

"ఏం రుచి నాయనా! దీని ముందర డ్యాం చేప నిలబడతాదా?" అనేసింది లిదియమ్మ ఒకరోజు. పెద్దల్లుడు పక్కనే తింటున్న సంగతి ఆమెకు తోచలేదు. వరప్రసాదం ఆ మాటను వారమంతా నెమరేశాడు.

భోజనాలయ్యాక యేసుబాబు వేట కబుర్లు చెప్పేవాడు. పెద్ద చేప పడితే వెంటనే లాగకూడదు, పరుగెత్తనిచ్చి అలిసిపోయాక దారం చుట్టాలి అనేవాడు. అందరూ నోళ్లు తెరుచుకుని వినేవారు. వాళ్లలో తన భార్య కృపారాణి కూడా ఉండడం వరప్రసాదానికి మరీ మంటగా ఉండేది.

"చెల్లెలి మొగుడు చెబితే అంత ఇదిగా వింటావే. నేను చెబితే ఆవులిస్తావు," అన్నాడు, ఇంటికి పోతూ బండి మీద దుత్తలూరు దాటుతుండగా.

"నువ్వెప్పుడూ నీ గురించే చెప్తావు గదా," అంది ఆమె.

ఆ రాత్రే ఫోనులో అన్నిటికన్నా పొడుగు రాడ్డు, దానికి దారం చుట్టే అన్నిటికన్నా మెరిసే రీలు ఆర్డరు పెట్టాడు. అవి రాగానే యేసుబాబుకు ఫోన్ చేసి, తనూ వస్తానన్నాడు.

"రా అన్నా, అంతకన్నానా!" అని యేసుబాబు సంబరపడ్డాడు. ఆ సంబరం కూడా వరప్రసాదానికి నచ్చలేదు.

ఆ శనివారం తెల్లవారుతుండగా ఇసకపల్లిలో జాలరి వెంగయ్య ఫైబర్ బోటు ఎక్కారు. యేసుబాబు లైఫ్ జాకెట్టు అందిస్తూ, "అల్లం ముక్క బుగ్గన పెట్టుకో అన్నా, వికారం రాదు. చూపు దూరంగా పెట్టు," అన్నాడు.

అది లేనిదే ఇంజను వెయ్యనని వెంగయ్య భీష్మించినందుకు జాకెట్టు తొడుక్కున్నాడు గానీ అల్లం వద్దన్నాడు వరప్రసాదం.

"గాలం పైన జానెడు స్టీలు తీగ కడతా, ఇట్లియ్యి. వంజరం చేప పళ్లు కత్తెర మాదిరి ఉంటాయి," అన్నాడు యేసుబాబు.

"నా దారం గట్టిదిలే."

ఒడ్డు కనుమరుగు కాకముందే రెండుసార్లు కక్కుకున్నాడు. కాసేపటికి అతని రాడ్డు విల్లులా వంగింది. "పడింది! పడింది!" అని అరిచాడు. ఆ క్షణంలో అతని కళ్లముందు చేప లేదు, లిదియమ్మ ముఖం ఉంది. అంతలోనే రాడ్డు చప్పున నిటారుగా లేచింది. దారం తెగిపోయింది.

ఆ తరువాత యేసుబాబు రాడ్డు వంగింది. వదిలాడు, చుట్టాడు, మళ్లీ వదిలాడు. నీళ్ల కింద వెండిలా ఒక తళుకు కనిపించింది. ప్రభువా, ఇదీ తెగిపోవాలి అనుకున్నాడు వరప్రసాదం. అనుకున్నాక, తను అడిగింది ఎవరినో తట్టి ఉలిక్కిపడ్డాడు.

చేప బోటు పక్కకొచ్చింది. "అన్నా, కొక్కెం కర్ర అందుకో!" అన్నాడు యేసుబాబు. కర్ర చేతిలో ఉన్నా వరప్రసాదం చెయ్యి ఆడలేదు. ఒక్క నిమిషం ఆగితే చాలు, చేప విదిలించుకుని పోతుంది.

"ఏందయ్యా చూస్తా ఉండావ్, లాగు!" అని వెంగయ్య కసిరాడు. అప్పుడు కొక్కెం వేసి లాగాడు.

మధ్యాహ్నం ఆత్మకూరులో వంజరం పులుసు ఘుమఘుమలాడుతుంటే యేసుబాబు అందరి ముందూ, "ఇది అన్న చేపే. కొక్కెం వేసి లాగింది అన్నే," అన్నాడు.

లిదియమ్మ మురిసిపోయి నడిముక్క పెద్దల్లుడికి వేసింది. ఇన్నాళ్లూ కోరుకున్నది కంచంలోకి వచ్చింది గానీ, అతను ఆ ముక్కను కంచం అంచుకు నెట్టాడు. చేప పట్టడంలోనే కాదు, పట్టింది ఇచ్చెయ్యడంలోనూ యేసుబాబు తనకన్నా ముందున్నాడే అనిపించి ఇంకా మండింది.

"నేను పట్టింది కాదత్తా," అన్నాడు చివరికి. "నా దారం తెగిపోయింది. యేసుబాబుది కూడా తెగాలని కోరుకున్నా."

యేసుబాబు తల వంచుకుని అన్నం కెలికాడు.

"నీ రాడ్డు వంగినప్పుడు నాకూ కడుపు మండింది అన్నా. పెద్దల్లుడే సముద్రం చేప తెస్తే ఇంక ఈ ఇంట్లో నన్ను చూసేదెవరు అనుకున్నా. నీది తెగినప్పుడు లోపల హాయిగా ఉండింది."

కృపారాణి చప్పున నవ్వేసింది. "చల్లారిపోతా ఉండాది, తినండయ్యా ఇద్దరూ," అంది లిదియమ్మ.

తిన్నాక ఇద్దరూ పెరట్లో బకెట్టు మంచినీళ్లు పెట్టుకుని రీళ్లకు పట్టిన ఉప్పు కడిగారు. యేసుబాబు రీలు చడీచప్పుడు లేకుండా తిరిగింది. వరప్రసాదంది కొత్తదైనా కరకరమంది. ఆ తేడా చెవినపడగానే మళ్లీ కాస్త చురుక్కుమంది.

"ఏం నూనె వేస్తావు దీనికి?" అని అడిగాడు.