జైలు ఎదుటి బల్ల

నేను ఒక వేపచెక్క బల్లను. ఊళ్ళోని సెంట్రల్ జైలు వడ్రంగి షెడ్డులో, ఖైదీల చేతుల్లో తయారయ్యాను. బయట ధరకన్నా చవగ్గా జైలువాళ్ళు నన్ను ఎదుటి కాఫీ హోటలు నాంచారమ్మకు అమ్మారు. ఆ చవక దెబ్బకే పక్కనున్న వడ్రంగి మస్తాను కొట్టు మూసేశాడు. అదే జైలు గోడను చూసి ఒకరు తిట్టుకునేవారు, ఒకరు దణ్ణం పెట్టుకునేవారు.

ఖైదీలను చూడ్డానికి ములాఖత్‌కు వచ్చినవాళ్ళు నా మీదే కూర్చునేవారు. వాళ్ళ ఎదురుచూపుల మీదే హోటలూ, పళ్ళ బళ్ళూ, లోపలికి తీసుకెళ్ళనివ్వని సెల్‌ఫోన్లు దాచిపెట్టే కొట్టూ, ఆటోలూ బతికాయి.

జైలును ఊరవతలికి మారుస్తారన్న కబురుతో వీధికి నిద్ర కరువైంది. ఓ ఉదయం జైల్లోంచి పోలీసు వ్యాను కదలగానే, ఖైదీలను తరలించేస్తున్నారనుకుని కొట్లవాళ్ళంతా ఎగబడ్డారు. నాంచారమ్మ నన్ను ఈడ్చుకెళ్ళి గేటుకు అడ్డంగా వేసి కూర్చుంది.

"జైలు పోతే మేమెట్టా బతకాల? ముందు మమ్మల్ని లోపలెయ్యండి" అంది.

పోలీసులు లాఠీలు తీశారు. అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఏసుమణి వచ్చింది. మిరపకోతల కూలీ. దొంగతనం కేసులో విచారణ ఖైదీగా ఉన్న భర్త కోసం వారం వారం వచ్చే మనిషి.

"లెగక్కా. ఆ బండిలో మా ఆయనున్నాడు. కోర్టుకి తీసకెళ్తన్నారు. ఇయ్యాల బెయిలు."

"ఒక్కపూట ఆగితే ఏమైద్దే?"

"మళ్ళీ వాయిదా అంటే ఎన్నాళ్ళో. ఇన్నాళ్ళు మా కట్టం మీదే బతికావక్కా. ఇయ్యాల మమ్మల్ని బతకనీ."

"లెగమాక" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నాంచారమ్మ నా అంచును పట్టుకుని బండికేసి చూసింది. వ్యాను ఇంజను ఆగలేదు. కాసేపటికి ఆమె లేచి, నా ఒక కొస పట్టుకుంది. రెండో కొస ఏసుమణి పట్టింది. ఇద్దరూ నన్ను పక్కకు లాగారు.

ఆ రోజునుంచి వీధిలో నాంచారమ్మతో ఎవరూ మాట్లాడలేదు.

వానలు పడకముందే జైలు తరలిపోయింది. కొత్త జైల్లో క్యాంటీను లోపలే ఉందట. ఇక్కడ కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నాంచారమ్మ కూడా చివరిసారి పొయ్యి ఆర్పబోతుండగా ఏసుమణి, వెంట బక్కచిక్కిన మనిషీ వచ్చారు.

"ఈయనేనా?" అంది నాంచారమ్మ.

"ఈయనే అక్కా."

ఆమె మూడు గ్లాసుల్లో కాఫీ పోసి, "జరగండి" అంటూ తనూ నా మీద కూర్చుంది. ముగ్గురూ ఎదుటి గోడకేసి చూస్తూ తాగారు. ఖాళీ జైలు గేటుకు ఇప్పుడు తాళం కూడా వేసి లేదు.