వరుసలో లేని మనిషి

గాజుముక్క బల్ల మీద ఉంది. గోరంత కూడా లేదు. కానీ బేకరీలో వాళ్ళంతా దాని చుట్టూనే మూగారు.

బ్రెడ్డు కోసే మెషిన్ కీచుమని ఆగిపోతే బయటపడింది అది. అప్పటికే మూడు వ్యాన్లూ గేటు దాటేశాయి. ఒక్కో మిక్సర్‌లో కలిపిన పిండి రొట్టెలు ఒక్కో వ్యాన్‌లో వెళ్తాయి. కోతకి మిగిలినవి మాత్రం ఒకే ర్యాకులో కలిసిపోయాయి. ఈ గాజు ఏ మిక్సర్‌దో చెప్పే దారి లేదు. మూడో వ్యాను వెళ్ళేది పిల్లల హాస్టల్‌కి.

మూడింటినీ వెనక్కి పిలుద్దామంది పెద్దమ్మాయి. ఆమె మేనేజరు. బేకరీ మాత్రం వాళ్ళ నాన్నది. పెద్దాయన కుర్చీలోంచి కదలకుండా, మూడూ వెనక్కొస్తే ఊరంతా గుప్పుమంటుందన్నాడు. ఏ మిక్సరో తేలితే ఒక్క వ్యాను పిలిస్తే చాలు. పనివాళ్ళని వరుసలో నిలబెట్టమన్నాడు.

అది ఆయన పద్ధతి. ఏం పాడైనా పనివాళ్ళంతా గోడవారన నిలబడాలి. ‘నేనే’ అని ఒకరు ముందుకొచ్చేదాకా కాలు కదపకూడదు. వచ్చినవాళ్ళకి నెల్లాళ్ళు ట్రేలు కడిగే శిక్ష. నలుగురి చేత పని చేయించడమంటే ఇదేనని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళలో తప్పు చేసినవాడు దొరకని రోజు లేదు మరి.

ఇవాళ కూడా ఎంతోసేపు పట్టలేదు. ఓవెన్ మాస్టరు, గడ్డం నెరిసిన మనిషి, అడుగు ముందుకేశాడు. రెండో మిక్సర్ మీద బల్బు తన చెయ్యి తగిలి పగిలిందన్నాడు.

"చూశావా అక్కా? భయం ఉంటేనే నిజం కక్కుతారు" అన్నాడు తండ్రి కుర్చీ వెనక నిలబడ్డ తమ్ముడు. పనివాళ్ళు చాటున అతన్ని ‘ఉపన్యాసం’ అంటారు. వ్యాపారంలో పైకి రావడం ఎలాగో చెప్తూ ఫోన్‌లో వీడియోలు తీసుకుంటాడు, గోడలకి బోర్డులు కొట్టిస్తాడు. ‘నాయకుడు ముందు నిలబడతాడు’ అన్న బోర్డు సరిగ్గా అతని నెత్తి మీదే వేలాడుతోంది.

పెద్దాయన రెండో వ్యాన్ని వెనక్కి పిలిపించాడు. మాస్టర్ని మాత్రం ట్రేలతో వదల్లేదు, గేటు బయటికి పొమ్మన్నాడు.

పెద్దమ్మాయి పైకి చూస్తోంది. రెండో మిక్సర్ మీద బల్బు నిక్షేపంగా వెలుగుతోంది. దానికి పాత పిండి పేరుకుని అట్టకట్టింది. నిన్నో ఇవాళో మార్చిన బల్బు అలా ఉండదు. మొదటిదీ అంతే. మూడో బల్బు మాత్రం తళతళలాడుతోంది. దాని చుట్టూ ఉండాల్సిన ఇనప జాలీ లేదు.

ఆమె వెంటనే మూడో వ్యాను డ్రైవరుకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. హాస్టల్లోకి వచ్చేశానన్నాడు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని కూర్చున్నారట, వార్డెను తిట్టిపోస్తున్నాడట. తను చెప్పేదాకా ఒక్క ట్రే దించొద్దంది. పగిలితే మార్చింది మూడో బల్బేనని తండ్రికి చూపించింది.

"ఎవడు చెప్పాడని ఆపావు?" పెద్దాయన గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచనప్పుడే అందరికీ హడలు. "ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉన్నాడు. నీ బల్బుల జోస్యం విని హాస్టల్ని వదులుకోమంటావా?"

ఆమె మాస్టరు దగ్గరికి వెళ్ళి, అబద్ధం ఎందుకు చెప్పారని అడిగింది. ఆయన నేల చూశాడు.

"ఈసారి నా వంతమ్మా."

ఆ మాట ఆమెకి ఎక్కేలోపే వరుసలో ఉన్న బ్రెడ్డు కోసే ఆవిడ అంతా వెళ్ళగక్కింది. పొద్దస్తమానం నిలబడి కాళ్ళు పీకడం కంటే ఎవరో ఒకరు ఒప్పేసుకోవడం నయమని ఎప్పుడో అనుకున్నారట. అప్పట్నుంచీ వంతులు. మాడిపోయిన కేకులకి ఒకరు, పోయిన తాళాలకి ఒకరు. నిజంగా చేసిందెవరో ఎవరూ అడగరు. మాస్టరు తర్వాత వంతు తనదేనంది.

ఇన్నేళ్ళూ పెద్దాయన పట్టుకున్న దొంగల్లో ఒక్కడు కూడా దొంగ కాడు. అయినా పట్టు వదల్లేదు.

"అంతా అబద్ధాలకోర్లే అయితే ఇంక ఎవర్ని నమ్మను? డ్రైవరూ, దించెయ్."

ఫోన్‌లో వ్యాను తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

పెద్దమ్మాయి వెళ్ళి మాస్టరు పక్కన, గోడకి వీపు ఆనించి నిలబడింది. ఆ ఇంటి మనిషి ఆ వరుసలో నిలబడటం అదే మొదలు.

"ఈ వంతు నాది నాన్నా. మూడో మిక్సర్ మీద బల్బు నేనే పగలగొట్టాను. నన్ను గెంటెయ్. ముందు ఆ వ్యాన్ని ఆపు."

"వేషాలెయ్యకక్కా" అన్నాడు తమ్ముడు. "అది పగిలే టైముకి నువ్వింకా రానేలేదు."

"ఏ టైముకిరా?"

తమ్ముడు తండ్రి కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. అది ఎప్పుడు పగిలిందో అంతవరకూ ఎవరూ అనలేదు.

"తలుపు మూసేశానమ్మా" అన్నాడు ఫోన్‌లో డ్రైవరు, ఎవరూ చెప్పకుండానే.

పెద్దాయన వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎవరు కనిపిస్తారో ఆయనకి అర్థమైనట్టే ఉంది. మాస్టర్ని చూసి, పేరు తన చెవిన పడాలన్నాడు.

మాస్టరు ఒకసారి పక్కనున్న పెద్దమ్మాయిని చూశాడు. ఆమె జరగలేదు.

"మూడో మిక్సర్ అంటే అక్కడెవరున్నారని అడుగుతారు. అందుకే రెండోది అన్నాను. వీడియోకి వెలుతురు చాల్లేదని జాలీ ఊడబీకారు. ఫోన్ స్టాండు ఎత్తబోతే తగిలి బల్బు పగిలి పిండిలో పడింది. ఆ పిండి పారబోద్దామన్నాను. ‘ముక్కలన్నీ ఏరేశాను, నోరు మూసుకుని కాల్చు’ అన్నారు. కాల్చాను. ఆ తప్పు నాది."

"పేరు" అన్నాడు పెద్దాయన.

"మీ కుర్చీ పట్టుకుని నిలబడ్డారే అయ్యగారూ, మీ చిన్నబాబు."