పంతొమ్మిది రోజుల వాన

"మేడమ్ వస్తది. చాయ్ పెట్టి ఎనుకకు పో. నువ్వేం మాట్లాడకు," అన్నాడు పరమేష్, ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

స్వర్ణ తలూపింది. మేడమ్ వస్తుందన్న కబురు తెలిసినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

హాలియా దగ్గర ఆ చిన్న వాతావరణ కేంద్రంలో పరమేష్ ఉద్యోగి. కేంద్రమంటే కంచె వేసిన కొంచెం జాగా, అందులో వాననీళ్లు పట్టే డబ్బా, పక్కనే వాళ్ల క్వార్టరు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బాలో నీళ్లను గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టర్లో రాయాలి. కొత్తలో ఒకసారి అతనికి జ్వరమొస్తే స్వర్ణ కొలిచింది. జ్వరం తగ్గింది, పని మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. చంకలో కూతురు అక్షితను ఎత్తుకుని, పొయ్యి మీది అన్నం దించేసి పరుగెత్తేది. గ్లాసులో నీళ్లు కదలకుండా నిలిచేదాకా వంగి చూసేది. "బుడ్డెడు నీళ్లు చూసుడు గూడ పనేనానే?" అనేది అత్త మారెమ్మ. తొమ్మిదేళ్లు. సంతకం మాత్రం పరమేష్‌ది.

హైదరాబాదు నుంచి వచ్చిన ఆ మేడమ్, కరుణ, ముందు గదిలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. వంటింట్లోకి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"భూమ్మీద వాతావరణం ఇకముందు ఎట్లా మారుతుందో చెప్పే కంప్యూటర్ మోడల్ తయారుచేస్తున్నామండీ. గడిచిన వానల్ని అది సరిగ్గా చూపిస్తోందా లేదా అని ఇట్లాంటి రిజిస్టర్లతో పోల్చుకుంటాం. మీది చక్కగా కలిసింది. కరోనా వచ్చిన ఏడు, అక్టోబరులో పంతొమ్మిది రోజులు తప్ప. మోడల్లో కుండపోత, మీ దాంట్లో తుంపర."

"సన్నగనే పడ్డది మేడమ్. నేనే కొలిచిన గద."

స్వర్ణ చాయ్ కలపడం ఆపింది. ఆ అక్టోబరులో ఆమె నల్లగొండ దవాఖానలో ఉంది. గర్భసంచి తీసేశారు, కుట్లు చీము పట్టాయి. వార్డు రేకుల మీద వాన పగలూ రాత్రీ కొడుతుంటే, నొప్పిలోనూ ఆమెకు డబ్బానే గుర్తొచ్చేది. పొర్లిపోతుందేమో, రెండుసార్లు కొలవాలేమో. ఫోన్ చేసి "కొలిచినవా?" అంటే, "రాసిన తీయ్" అన్నాడు. ఇంటికొచ్చి రిజిస్టర్ తెరిచింది. ఐదు, పది, ఐదు, పది. ఎలా ఉన్నావని అడగని మనిషి, వాననూ చూడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. అడిగితే, "ఎవలు జూస్తరే గవి?" అన్నాడు. చెబితే అతని నౌకరీ పోతుంది, ఈ ఇల్లూ పోతుంది. అందుకే మింగేసింది. మింగింది కిందికి దిగలేదు.

"ఇవి నమ్మలేనప్పుడు మిగతావి మాత్రం ఎట్లా నమ్ముతాం?" అంటోంది కరుణ. "మీ కేంద్రం రికార్డు మొత్తాన్నీ మా పోలికలోంచి తీసేయాల్సి వస్తుంది."

"తీసేయుండ్రి మేడమ్, ఏమైతది," పరమేష్ నవ్వాడు.

మొత్తాన్నీ. తొమ్మిదేళ్ల పొద్దులు. స్వర్ణ పొయ్యి ఆర్పింది. ముందు గదిలోకి వచ్చింది.

"గా పంతొమ్మిది రోజులు అబద్ధం మేడమ్. ఇంట్ల కూసోని రాసిండు. మిగిలినయన్ని నిజం. నేను కొలిచిన."

"స్వర్ణా!" పరమేష్ లేచాడు. "నౌకరి పోతదే!"

ఆమె అతని వైపు చూడలేదు. కరుణ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

"మరి ఆ రోజుల దగ్గర ఏం పెట్టమంటారక్కా?"

"ఖాళీగ ఇడువుండ్రి."

"ఖాళీ ఎందుకుందో కారణం రాయాలి."

స్వర్ణ ల్యాప్‌టాప్ మీదికి వంగింది.

"కొలిచేటామె దవాఖానల ఉండె అని రాయుండ్రి."