జీపుకు మేర

మా బాపు దస్రు జీపు కొన్నది తొంభై రెండు దసరాకు, కోదాడలో. రైసుమిల్లు వెంకటనారాయణ గారు కొత్త బండి తెచ్చుకుని, పాతదాన్ని ఊక కుప్ప పక్కన నిలబెట్టారు. డీజిల్ జీపు. ఆకుపచ్చ రంగు, పైన టార్పాలిన్ గుడ్డ, వెనక ఎదురెదురుగా రెండు బల్లసీట్లు. బాపు దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, మిర్చి డబ్బులకు యాడి వెండి కడియాల డబ్బులు కలిపి ఆయన చేతిలో పెట్టాడు. యాడి అంటే మా లంబాడీ మాటలో అమ్మ. తాండాలో మేం మాట్లాడుకునేది ఆ మాటే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఇంజను రాయిలాగుందయ్యా దస్రూ. లీటరుకు పదకొండు కిలోమీటర్లకు తగ్గదు. ఆయిలు టైముకి మార్చుకుంటే చాలు, నీకింక దిగులుండదు" అన్నారట వెంకటనారాయణ గారు.

ఆ రాత్రి బాపు నాకొక మాటిచ్చాడు. "పద్మా, పది పాసైనవంటే మిర్యాలగూడ కాలేజీల ఏస్త. పొద్దుగాల మన జీపులనే పోతవ్, మాపటికి మన జీపులనే వస్తవ్."

మా తాండాకు బస్సు రాదు. గరిడేపల్లి దాకా కాలువకట్ట మీద నడవాలి. హాస్టల్లో ఉంచడానికి బాపు ఒప్పుకోడు. అంటే జీపుంటేనే నాకు కాలేజీ. లేకపోతే మా పక్కింటి పిల్లల్లాగే నాటుకో, కోతకో. నేను మామూలుగానే ఎక్కువ మాట్లాడను. బడిలో హాజరు పలకడానికే నాకు గొంతు పెగిలేది కాదు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. పొద్దున తాండా నుంచి గరిడేపల్లి మీదుగా మిర్యాలగూడ, సాయంత్రం తిరిగి తాండా. రెండో పంట, యాసంగి నాట్లు పడేసరికి మాత్రం బాపు ముఖం మారింది. బంకులో పోసిన డీజిల్ ఎటు పోతుందో తెలియడం లేదు. రోజూ రాత్రి అన్నం పెడుతూ యాడి అడిగేది.

"ఇయ్యాల ఎంతమంది ఎక్కిన్రు?"

"నలుగురు."

"నిన్న?"

"నిన్న గూడ నలుగురే. ఒకనాడు ఐదుగురు. బేరాల్లేవు సుక్కీ."

"బేరాల్లేకపోతే గా టైర్లు ఎందుకు అరిగినయ్?"

బాపు మరునాడే మిర్యాలగూడలో మెకానిక్ రాజారత్నం దగ్గరికి పోయాడు. ఆయన డీజిల్ ఫిల్టర్ మార్చాడు, నాజిళ్లు కడిగాడు. పొగ తగ్గింది గానీ ఖర్చు తగ్గలేదు. అంతలో వెనక బరువు మోసే కమాన్ పట్టీ విరిగింది. అది మార్చిన నెలలోపే రెండోవైపుది విరిగింది. తర్వాత క్లచ్ ప్లేటు పోయింది. రాజారత్నం జీపు కింద పడుకుని అడిగేవాడు. "నలుగురు ఎక్కితే కమాన్లు ఇరుగుతయా దస్రూ? రాళ్లు గిట్ల తోలుతున్నవా ఏంది?"

"లేదన్నా. మనుషులే. నలుగురే."

"అయితే బండే ఖరాబున్నది. అమ్మిపారెయ్. దీన్ని మేపుడు నీతోని గాదు."

అట్లా మా జీపుకు చెడ్డపేరు వచ్చింది. పొద్దున సెల్ఫ్ పని చేయకపోతే తాండా అంతా వచ్చి నెట్టేవాళ్లు. నెట్టుతూనే తిట్టేవాళ్లు.

"దున్నపోతు కొన్నా దున్నెటోడివి గదరా దస్రూ" అనేవాడు బిచ్చా. బాపుకు వరసకు బావ ఆయన.

"దున్నపోతు నిన్ను మిర్యాలగూడ తీస్కపోతదా బావా? నూకు."

వరికోతలు మొదలయ్యాక బాపు సూర్యాపేటలో ఒకరికి కబురు పెట్టాడు. ఎరువుల దుకాణం నాగేశ్వర్ రావు గారు. ఊళ్లు తిరగడానికి ఆయనకు పాత జీపు కావాలట. నా పది ఫలితాలు ఇంకా రాలేదు. అవి రాకముందే నా కాలేజీ అమ్ముడుపోతోంది. ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియక దాదికి చెప్పాను. దాది అంటే నాయనమ్మ. పేరు సాలి. ఆమెకు ఒక కన్ను కనిపించదు, గొంతు మాత్రం నాలుగు పొలాల అవతలికి వినిపిస్తుంది.

"మీ బాపుకు చెప్పకపోయినవా?" అంది.

"భయమైతది."

"జీపంటే భయం లేదు, మీ బాపంటే భయమా?"

నాగేశ్వర్ రావు గారు తెల్లచొక్కాతో పొద్దున్నే వచ్చారు. బానెట్ ఎత్తించారు. ఆయిలు గేజి తీసి వేలితో రుద్ది చూశారు. బండి స్టార్టు చేయించి పొగ వెనక నిలబడ్డారు. "ఈడ నిలవెట్టి చూస్తే ఏం తెలుస్తది? మిర్యాలగూడ దాక ఒక ట్రిప్పు తోలు. గరిడేపల్లి బంకుల ట్యాంకు నింపుదం, ఆడ మళ్ల నింపి చూద్దం. రోజూ ఎట్ల తోలుతవో గట్లనే తోలు" అన్నారు.

రోజూ తోలినట్లే తోలాడు బాపు. దాది కన్ను చూపించడానికి దవాఖానకు పోవాలి కాబట్టి ఆమె చేయి పట్టుకుని నేనూ ఎక్కాను. హారన్ మోగగానే ఎప్పటిలాగే అందరూ వచ్చారు. ముందు సీట్లో నాగేశ్వర్ రావు గారి పక్కన మా నాయక్ మంగ్త్యా కూర్చున్నాడు. తాండాలో ఏ మాట తెగాలన్నా ఆయనే పెద్ద. కూరగాయలమ్మే మోతీబాయి రెండు వంకాయ గంపలతో ఎక్కింది. కూలికి పోయే ఆడవాళ్లు ఎక్కారు. బిచ్చా సంతకు తోలుకుపోయే మేకపిల్లను చంకన పెట్టుకుని వెనక మెట్టు మీద నిలబడ్డాడు. ఇద్దరు పైన టార్పాలిన్ కమ్మీలు పట్టుకుని కూర్చున్నారు.

కల్లాల దగ్గర పక్క ఊరి కమ్మరి సైదయ్య వడ్ల మూటతో చేయి ఎత్తాడు. ఏడాది పొడుగునా మా కొడవళ్లు, నాగళ్ల కర్రులు సరిచేసేది ఆయనే. అప్పటికప్పుడు పైసలు తీసుకోడు. పంట రాగానే కల్లం దగ్గరికి వస్తే ప్రతి రైతూ రాశి నుంచి ఇంతని కొలిచి పోస్తాడు. దాన్నే మేర అంటారు. సైదయ్య మూట పైన వేసి, ఎక్కి, తన ఊరి దగ్గర దిగి బాపుకు రూపాయి ఇచ్చాడు. గరిడేపల్లిలో ఒక సారూ, ఇద్దరు దుకాణదారులూ ఎక్కారు.

మిర్యాలగూడ బంకులో మళ్లీ ట్యాంకు నింపించి, నాగేశ్వర్ రావు గారు వేళ్ల మీద లెక్క వేసుకున్నారు.

"పదకొండు మీదనే ఇచ్చింది. ఇంత బరువుతోని" అన్నారు ఆశ్చర్యంగా. "మరి బండి మేపలేకపోతున్న అంటివి. ఇయ్యాల ఎంతమంది ఎక్కిన్రు?"

"నలుగురు" అన్నాడు బాపు.

ఆయన బాపు ముఖంలోకి చూశారు. "అందరు దిగుతుంటే లెక్కవెట్టిన దస్రూ. పందొమ్మిది మంది. ఒక మేకపిల్ల."

"వాళ్లు మనోళ్లు సార్."

"మనోళ్లయితే?"

"మనోళ్లు లెక్కల రారు గద."

నాకూ అది సరైన జవాబుగానే తోచింది. అన్ని నెలల నుంచీ ఆ జీపులోనే వెనక కూర్చుని బడికి పోతూ నేను కూడా నలుగురే అనుకున్నాను. ఇంటికొచ్చిన చుట్టాలను భోజనానికి ఎంతమంది వచ్చారని ఎవరు లెక్కపెడతారు? నాగేశ్వర్ రావు గారు మాత్రం బంకు స్తంభం పట్టుకుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

"నీ బండికి రోగం లేదయ్యా. రోగం నీకున్నది. నేనిస్తనన్న దానికి ఇంకో రెండు వేలు ఎక్కువిస్త. ఇయ్యాలనే తీస్కపోత."

బాపు నవ్వలేదు. రెండు వేలు చిన్న మాట కాదు. అమ్మకం తాండాలోనే, నాయక్ ముందర జరగాలి కాబట్టి, కూలికి పోయినవాళ్లు తప్ప మిగతావాళ్లం మధ్యాహ్నం మళ్లీ అదే జీపులో బయలుదేరాం. బిచ్చా మేకపిల్లను అమ్మినందుకు కూడా సంతోషంగా లేడు. గరిడేపల్లి దాటాక మోతీబాయి నెమ్మదిగా అంది.

"అంటే మా బరువుకే జీపు ఇరిగిందన్నట్టా?"

"నీ ఒక్కదాని బరువు చాలదా వదినా" అన్నాడు బిచ్చా.

"నోరు మూసుకో. పొద్దున నీ మేక నా వంకాయలు తిన్నది."

జీపు కల్లాల దగ్గర ఆగింది. ఎడ్లతో బంతి తిప్పి వడ్లు రాలుస్తున్నవాళ్లు, తూర్పారబడుతున్నవాళ్లు సంగతి తెలిసి చుట్టూ చేరారు. యాడి కూడా చేటతోనే వచ్చింది. సైదయ్య పగటి రాశుల మేర కోసం మళ్లీ వచ్చి, సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కిరాయి కావాలంటే మమ్ముల అడగకపోతివా దస్రూ?" అన్నాడు మంగ్త్యా. ఆయనకు కోపంగానే ఉంది.

"ఎట్ల అడుగుత కాకా? మంచినీళ్లు తాగిపిచ్చి పైసల్ అడుగుతమా?"

మంగ్త్యా కోపం దిగింది. "అడగం. అదీ నిజమే."

"ఇస్తమన్నా నువ్వు తీసుకుంటవా?" అంది మోతీబాయి. "పైసలిచ్చి ఎక్కితే మేం పరాయోళ్లమైతం. ఇగ నడిసే పోతం."

అడగడం బాపుకు సిగ్గు, ఇవ్వడం వాళ్లకు సిగ్గు. నాగేశ్వర్ రావు గారు జేబులోంచి బయానా నోట్లు తీశారు. బాపు తాళంచెవి వైపు చూశాడు. సైదయ్య సంచిలో ఎవరో కుంచంతో వడ్లు పోస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. నేను దాది చెవి దగ్గరికి వంగాను.

"దాదీ, కమ్మరికి మేర ఇస్తే ఆయన పరాయోడైతడా?"

"కాడు. ఎందుకే?"

"మరి జీపుకు గూడ మేర ఇయ్యొచ్చు గద."

చెవిలోనే అన్నాను. కానీ చెప్పింది దాదికి. ఆమె కర్ర పైకెత్తింది.

"ఆగుండ్రి. మా పద్మ ఏమంటున్నదో ఇనుండ్రి. జీపుకు మేర పొయ్యాల్నంట. కమ్మరికి పోసినట్టు. చెప్పవే, నువ్వే చెప్పు."

అందరూ నా వైపు తిరిగారు. నాకు ఆ వడ్ల రాశిలో దూరిపోవాలనిపించింది. ఓణీ కొస పట్టుకుని, "కిరాయి గాదు... పంటకు ఒక్కసారి... కల్లంలనే" అని ఆగిపోయాను. అంతకంటే చెప్పే అవసరమూ పడలేదు.

"మేర అంటే మర్యాదే గద" అన్నాడు మంగ్త్యా మెల్లగా. "దాన్ల ఎవరికీ చిన్నతనం లేదు. సైదయ్యా, నీకేమన్నా చిన్నతనమా?"

"నా తాత నుంచి తీసుకుంటున్నం. చిన్నతనమైతే ఇన్నేండ్లు కొడవళ్లు ఎవరు కాల్చిన్రు?" అన్నాడు సైదయ్య.

"ఇంటికి ఎంత?" అని ఎవరో అడిగారు. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. అరబస్తా అన్నారు, రెండు కుంచాలన్నారు. నాగేశ్వర్ రావు గారు వ్యాపారి కదా, లెక్క వినిపిస్తే ఊరుకోలేకపోయారు.

"అరబస్తా చాలదు. ముప్పై గడపలున్నయ్. ఇంటికి పంటకొక బస్తా అనుకోండ్రి, ముప్పై బస్తాలు. ఇప్పటి ధరకు ఆరు నెలల డీజిలు ఎల్లుతది, ఇంకింత మిగుల్తది. బయటోళ్ల కిరాయి టైర్లకు, ఆయిలుకు..." అని చెబుతూ చెబుతూ, తాను ఎవరి బేరం చెడగొడుతున్నారో గుర్తొచ్చి ఆగిపోయారు.

బిచ్చా ముందుకొచ్చాడు. "నాకు మడి లేదు. నేనేం పొయ్యాలె?"

"నువ్వు పంటకు మూడు రోజులు మా నాటుకు రా" అంది యాడి వెంటనే. తర్వాత అందరి వైపు తిరిగి చేట నడుముకు ఆనించింది. "మాటలు మంచిగనే ఉన్నయ్. మాటలతోని ట్యాంకు నిండదు. మళ్ల పంటకు ఎవరికి యాదికుంటది? నా కడియాలు పోయినయ్ గా జీపుల."

మంగ్త్యా ఆమెకు జవాబు చెప్పలేదు. తన రాశి దగ్గరికి పోయి, తానే కుంచం పట్టి బస్తా నింపి, మూతి కుట్టించి, జీపు వెనక వేయించాడు. తర్వాత మోతీబాయి కొడుకు ఒక బస్తా మోసుకొచ్చాడు. ఇంకా తూర్పారబట్టనివాళ్లు రేపు పోస్తామని నాయక్ ముందర మాటిచ్చారు. బస్తాలు ఐదు అయ్యేసరికి కమాన్లు కిర్రుమన్నాయి.

"ఇగ ఆపుండ్రి, మళ్ల ఇరుగుతయ్" అన్నాడు బాపు. అలా అంటూ నవ్వాడు. ఆ నెలల్లో ఆయన నవ్వడం నేను చూడలేదు. నాగేశ్వర్ రావు గారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "సార్, బండి ఇయ్యను. మీకు తిప్పలైంది."

"తిప్పలు గాదు, నా నోటిదూల" అన్నారాయన నోట్లు మడిచి పెట్టుకుంటూ. గరిడేపల్లి బస్సు దగ్గర దిగి బాపుకు కిరాయి ఇచ్చారట. బాపు వద్దంటే, "నేను మేర పొయ్యలేదు గదా, తీస్కో" అన్నారట.

నేను పది పాసయ్యాను. కాలేజీ తెరిచిన రోజు జీపులో చోటు లేదు. మేర పోసినవాళ్లందరికీ ఇప్పుడు జీపు మీద హక్కు వచ్చింది. గేరు అట్లా కాదు ఇట్లా మార్చాలని ఒకరు, గుంతలో నెమ్మదిగా పొమ్మని ఇంకొకరు. బాపు అన్నింటికీ "ఆఁ, ఆఁ" అంటున్నాడు.

కాలేజీ గేటు ముందు నేను ఒక్కదాన్నే దిగుదామనుకున్నాను. కానీ నా వెనక మోతీబాయి దిగింది. ఆమె వెనక కూలికి పోయే ఆడవాళ్లందరూ దిగారు. అద్దాలు కుట్టిన పేట్యా లంగాలు, చేతి నిండా గాజులు, నెత్తి మీద సద్దిమూటలు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"ఎవరమ్మా మీరంతా? ఏం కావాలె?"

"ఏం వద్దు" అంది మోతీబాయి. "వడ్లు మావి, పిల్ల మాది. కాలేజీ ఎట్లుంటదో చూసి పోతం."

అందరూ గేటులోంచి తొంగి చూశారు. మేడ మెట్లు చూశారు. సైకిళ్ల వరస చూశారు. లోపలికి పోతున్న ఆడపిల్లలు ఆగి మమ్మల్ని చూస్తున్నారు. పుస్తకాలు గుండెకు అదుముకుని గేటు దాటాను.

రోడ్డు మీద జీపు ఆగకుండా గుడగుడమంటోంది. ఆపితే మళ్లీ నెట్టాలని బాపు ఇంజను ఆపలేదు. "ఎక్కుండ్రే, డీజిల్ కాలుతున్నది" అని అరుస్తున్నాడు.

ఎవరూ తొందరపడలేదు.