నైరుతి వాకిలి

నేను ఒక దిక్సూచిని. అరచేతిలో ఇమిడే ఇత్తడి డబ్బా, లోపల ఒక ముల్లు, పైన గాజు. నాకు తెలిసింది ఒకటే సంగతి, ఉత్తరం ఎటుందో. పెళ్లి కలిసొస్తుందా, ఉద్యోగం నిలుస్తుందా, పొయ్యి ఏ మూల పెట్టాలి అని నన్నడిగే మీ తెలివికి నవ్వాలో ఏడవాలో నాకిప్పటికీ తెలియదు. ఉత్తరం ఎటు అని మాత్రమే అడిగి ఊరుకున్న మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను.

ఆయన సర్వేయరు. కార్ఖానా నుంచి తిన్నగా ఆయన చేతికే వచ్చాను. పొలంలో నన్ను తెరిచే ముందు చేతి గడియారం తీసేసేవాడు. తాళాల గుత్తి దూరంగా పెట్టేవాడు. కొలత గొలుసు పట్టుకున్న మనిషిని పదడుగులు వెనక్కి పొమ్మనేవాడు. ఇనుము దగ్గరుంటే నా ముల్లు అటు లాగేస్తుంది కనుక.

అలా వెనక్కి పోయి నిలబడ్డ మనిషి పేరు అప్పలనరసయ్య. ఈ తంతు ముప్పై ఏళ్లు చూశాడు. చూసి చూసి అతనికి అర్థమైంది ఏమిటయ్యా అంటే, అది భక్తి అని! సర్వేయరు రిటైరవుతూ నన్ను అతని చేతిలో పెట్టిపోయాడు. అంతే, నా ఖర్మ కాలింది. ఇతను నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చెప్పులు విప్పి, కళ్లకు అద్దుకుని తెరవడం మొదలుపెట్టాడు. చత్వారం వల్ల నా అక్షరాలు కనపడక సెల్‌ఫోను లైటు వేసి నా పక్కనే ఆనించేవాడు. ఆ ఫోనుకు మడిచే తొడుగు, తొడుగు అంటుకోవడానికి అందులో అయస్కాంతం బిళ్ల. నా ముల్లు దానివైపు తిరక్క ఏం చేస్తుంది? చెప్పులు మాత్రం భద్రంగా గుమ్మం బయటే.

ఈ విద్యతో విజయనగరంలో తన చుట్టాలందరికీ వాస్తు చెప్పే పెద్దమనిషి అయిపోయాడు. నా పేరు చెప్పి మెట్లు పగలగొట్టించాడు, వంటిళ్లు జరిపించాడు, తన సొంత గేటును రెండుసార్లు పీకించి పాతించాడు. నేనలా అనలేదు మహాప్రభో అని అరవడానికి నాకు నోరేది?

అతని మేనల్లుడు త్రినాథ్. టైల్స్ కొట్లో గుమస్తా. తండ్రి లేనివాణ్ణి మావయ్యే పెంచాడు కాబట్టి మావయ్య ముందు నోరు తెరవడు. నెల కిందట పెళ్లయింది. పిల్ల నీలవేణి, ఆర్టీసీలో కండక్టరు. సాలూరు వెళ్లే మొదటి బస్సు ఆమెది. తెల్లవారుజామున నాలుగింటికల్లా డిపోలో ఉండాలి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, నాలుగుసార్లు ఆలస్యమైతే ఇంటికి పంపేస్తారు. అందుకని ఆమే వెతికి డిపోకి అయిదు నిమిషాల నడకలో మేడమీద రెండు గదుల ఇల్లు చూసుకుంది. కొత్త కాపురం కదా, ముందు మావయ్య దిక్కులు చూడాలన్నాడు ఆ త్రినాథ్ మహానుభావుడు. ఆదివారం పొద్దున్నే ముగ్గురూ వచ్చారు.

నన్ను గుమ్మంలో పెట్టారు. పక్కన ఫోను. అప్పలనరసయ్య వంగి చూసి, పెదవి విరిచి, నైరుతి వాకిలి అన్నాడు. ఈ గుమ్మంలో కాలుపెడితే ఏడాది తిరక్కుండా కాపురం కూలిపోతుందట. బైపాసు అవతల తనొక ఇల్లు చూశాడట, దివ్యమైన తూర్పు వాకిలట. అక్కణ్ణుంచి ఆరింటిదాకా ఊళ్లోకి బస్సే లేదని నీలవేణి చెప్పింది. ఆడపిల్లకి ఉద్యోగం ఇది కాకపోతే ఇంకోటి వస్తుంది, మంచి వాకిలి మళ్లీ దొరకదన్నాడు. త్రినాథ్ గోడమీది సున్నం గోళ్లతో గీకుతున్నాడు.

ఆమె గుమ్మం వైపు చూసింది. ఎండ మొహాన కొడుతోంది.

"మావయ్యగారూ, పొద్దుటెండ ఈ గుమ్మంలోంచే వస్తుంది గదా. ఇది నైరుతెలాగవుద్దండీ?"

"ఎండదేటమ్మా, కాలాన్నిబట్టి జరుగుద్ది. ముల్లు జరగదు."

ఛీ, నా బతుకు! సూర్యుణ్ణి అబద్ధాలకోరును చేసి నన్ను సాక్షిగా నిలబెట్టాడు.

అంతలో ఫోను మోగింది. అది తీసుకుని మెట్ల దగ్గరకు పోయాడు. నేను హాయిగా నా ఉత్తరానికి తిరిగాను. నీలవేణి చూసింది. టిక్కెట్టు కొనకుండా కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి పట్టుకునే కళ్లవి. ఆయన తిరిగి రాగానే ఫోను అడిగి తీసుకుని నా దగ్గర పెట్టింది, ముల్లు తిరిగింది. తీసింది, వెనక్కొచ్చింది. మరోసారి చేసి చూపించింది.

అప్పలనరసయ్య మొహంలో రంగు దిగిపోయింది. పీకించిన గేట్లు, కూల్చిన మెట్లు అన్నీ గుర్తొచ్చి ఉంటాయి. ఒప్పుకుంటాడేమో అని క్షణం ఆశపడ్డాను, పిచ్చిదాన్ని. ముల్లు పాడైపోయిందని ప్రకటించాడు. పాడైన ముల్లుతో చూసినా నైరుతి నైరుతేనట. అలిగి నన్ను అక్కడే వదిలేసి మెట్లు దిగి స్కూటరు స్టార్టు చేశాడు.

త్రినాథ్ అంతా కళ్లారా చూశాడు. చూసి ఏమన్నాడో వినండి.

"మావయ్య వద్దన్నాక ఎలా నీలా?"

ఆమె చేతి సంచిలోంచి అడ్వాన్సు తీసి, కిందనుంచి వచ్చిన ఇంటిగలావిడ చేతిలో పెట్టింది.

"నేనిక్కడుంటానండి. మీరే దిక్కునుంటారో మీరు చూసుకోండి."

అతను ఆమెను చూశాడు, మెట్లను చూశాడు. కింద హారను మోగింది. వెళ్లి స్కూటరు వెనక కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల మగవాడు! నాకు నోరు లేకపోవడం పాపమైతే, ఉన్న నోరు తెరవకపోవడాన్ని ఏమనాలి?

ఆ గురువారం ఆమె ఒక్కతే కొత్త గిన్నెలో పాలు పొంగించింది. పొంగిన పాలు గట్టంతా కారుతుంటే స్టవ్ ఆపకుండా నిలబడి ఏడ్చింది. తర్వాత గట్టు తుడిచి, నన్ను కడిగి పసుపంతా వదిలించి, డ్యూటీ కాగితాల మీద బరువుగా పెట్టింది. సర్వేయరు తర్వాత నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం ఆమె రెండో డ్యూటీకి యూనిఫాం వేసుకుంటుండగా త్రినాథ్ వచ్చాడు. చేతిలో బట్టల సంచి. గుమ్మం బయటే ఆగి, పాలు ఎప్పుడు పొంగిస్తున్నామని అడిగాడు.

"పొంగించి మూడ్రోజులైందండి. అన్నం వండలేదు. బియ్యం డబ్బా కింద అరలో ఉంది."

టిక్కెట్ల మిషను భుజాన వేసుకుని, అతన్ని దాటుకుని మెట్లు దిగిపోయింది. అతను సంచి లోపల పెట్టి, బియ్యానికి ఎన్ని నీళ్లు పోయాలో ఇంటావిణ్ణి అడగడానికి కిందికి వెళ్లాడు.