ఎంజైముకు పెట్టిన బొట్టు

ప్రయోగశాలలో ఫ్రీజరు తలుపు తీయగానే గుప్పుమన్న కంపుకు సాహితి రెండడుగులు వెనక్కి వేసింది. పరీక్షల కోసం దసరాకు ముందు ముక్కలుగా కోసి దాచిన మేక కాలేయాలు కరిగి, కుళ్ళి, ఎర్రటి నీళ్ళయి అడుగున మడుగు కట్టాయి. తలుపుకు బయటవైపు మాత్రం పసుపు, కుంకుమ, వాడిన చామంతి దండ. పైన పటారం, లోన లొటారం! ముక్కుకు చున్నీ కట్టుకుని, చేతికి తొడుగు వేసుకుని ఆ మడుగులో వెతికితే, చిటికెన వేలి కొనంత గొట్టం ఒకటి దొరికింది. ఏడాదిగా ఎదురుచూస్తే పండక్కి ముందే వచ్చిన ఎంజైము అది.

కణం లోపల ‘పెరుగు, పెరుగు’ అని కబురు మోసే ఎంజైము. మనిషి జన్యువును పురుగు కణాల్లో పెట్టి దాన్ని తయారుచేస్తారు. ఆ సంగతి చెప్పినప్పుడు మాధవరంలో మగ్గం గుంటలో కూర్చున్న వాళ్ళ నాన్న గురప్ప, “మనిషిదాన్ని పురుగులో జేస్తారా? థూ!” అని మొహం చిట్లించాడు. కాన్సరు గడ్డల్లో ఆ కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. నేలవేము అనే చేదు మొక్క ఆకు రసం దాన్ని ఆపగలదా అన్నదే సాహితి పరిశోధన. అయితే ఆ ఎంజైము గడ్డకట్టించే చలిలో ఉంటేనే బతుకుతుంది.

కడపలో ఆ ప్రయోగశాలకు పెద్ద ఉమామహేశ్వర సార్. ఆయుధపూజ నాడు అటెండరు తిమ్మయ్య చేత ప్లగ్గులన్నీ పీకించి, మిషన్లకు బొట్లు పెట్టించి, గుమ్మడికాయ కొట్టించి ఫోటోలు దిగాడు. “ఫ్రీజరు ఒక్కటి వదిలేయండి సార్” అని సాహితి అడ్డం పడింది.

“మగ్గం ఇంటి బిడ్డవు, నీకు తెలీదా పాపా? పండగనాడు మీ నాయన మగ్గం ఆడిస్తాడా? మిషన్లకూ విశ్రాంతి ఉండల్ల. పూజ కాగానే పెట్టిస్తాలే.”

ఆ మాట నమ్మి ఆమె ఊరికి పోయింది. పూజ అయింది, ప్రసాదాలు అయ్యాయి, సెలవులూ అయిపోయాయి. ప్లగ్గు మాత్రం నేల మీదే ఉండిపోయింది. మగ్గం ఆగితే నూలు కుళ్ళదు. ఆ పాటి తేడా అంత చదువు చదివిన మనిషికి తెలియకపోవడం ఏమిటి?

అయినా పరీక్ష చేసి చూసింది. పరీక్ష పళ్ళెంలో ఒక వరస చిన్న గుంటల్లో ఎంజైముకు నేలవేము రసం కలిపింది, రెండో వరసలో ఉత్త ఎంజైమే పోసింది. ఎంజైము పనిచేస్తే గుంట వెలగాలి. రెండు వరసలూ చీకటిగానే ఉన్నాయి. సార్ వచ్చి మొదటి వరస చూసి చప్పట్లు కొట్టాడు.

“ఆగిపోయిందే! నేలవేము గెల్చింది!”

“రసం కలపనిది కూడా ఆగింది సార్. ఎంజైము చచ్చిపోయింది.”

సార్ గడ్డం గోక్కున్నాడు. “ఆ రెండో వరస ఎవురడిగినారు పాపా? కర్నూలు శాస్త్రవేత్తల సభలో మొదటిది చూపించు, చాలు. కొత్త ఎంజైము కావాలంటే ఇంకో ఏడాది. నీ డాక్టరేటు ఏమవుతుందో ఆలోచించుకో” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు కంటే ఫ్రీజరు కంపే నయమనిపించింది. అయినా సాహితి తలూపింది. డాక్టరేటు అన్న మాట ఆమెను కట్టేసింది. తలూపినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

వారం తిరక్కుండానే జిల్లా పేపర్లో వార్త పడింది, కాన్సరును ఆపే నేలవేము అని. ఫోటోలో సార్, ఆయన పక్కన బొట్టు పెట్టుకున్న ఫ్రీజరు.

సభకు ముందురోజు తిమ్మయ్య స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చాడు.

“పాపా, ఈ నేలవేము కషాయం ఒకతూరి తాగి సూడు. ఇంత చేదుగా ఉండల్లనా? మా సిద్దమ్మ తాగతానే కక్కుతాంది.”

సిద్దమ్మ తిమ్మయ్య భార్య. రొమ్ములో గడ్డకు కర్నూలు ఆస్పత్రిలో మందు ఎక్కించుకుంటోంది. “ఎవరు తాగమన్నారు?” అంది సాహితి.

“సారే జెప్పినాడు గదమ్మా, పేపర్లో గూడ ఏసినారు. మంగళారం కర్నూలుకు పోవల్ల, పోలేదు. ఆ మందుకు ఎంటికలన్నీ రాలిపోతాండాయని శానా ఏడుస్తాంది. ఆకే ఆపుతాదంటే ఇంగ అదెందుకని ఆపేసినా.”

సాహితి ఒక గుక్క తాగింది. ఒళ్ళంతా జలదరించింది, చేదుకు కాదు.

“తిమ్మయ్యన్నా, ఆకు ఏమీ ఆపలేదు. పండగనాడు నువ్వు తీసిన ప్లగ్గే ఆపింది. ఎంజైము అప్పుడే చచ్చింది. చచ్చినదానిమీద ఏం పోసినా ఒకటే. ఇది మందని ఎవురూ తేల్చలేదు.”

“సారు తీయమంటే తీస్తిని” అన్నాడు తిమ్మయ్య, గ్లాసులోకి చూస్తూ.

గుమ్మంలో నిలబడి అంతా విన్న ఉమామహేశ్వర సార్ లోపలికి వచ్చాడు. “అటెండరుతో ఇవన్నీ ఎందుకు పాపా? ఆకు కషాయమే గదా, తాగితే ఏమవుతుంది?”

తిమ్మయ్య గ్లాసు ఆయన ముందుకు చాపాడు. “అయితే మీరూ ఒక గుక్క తాగండి సార్.”

సార్ ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. “ఛీ, నాకెందుకప్పా? నాకేం రోగం?”

ఆ ‘ఛీ’తో సాహితిని కట్టేసిన డాక్టరేటు కట్టు తెగిపోయింది. అక్కడే నిలబడి, ఆ వార్త రాసిన విలేకరికి ఫోన్ చేసింది. “నేలవేము వార్త తప్పు. ఫ్రీజరు ఆపేస్తే చచ్చిపోయిన ఎంజైము మీద చేసిన పరీక్ష అది. రేపే వేయండి, జనం తాగుతున్నారు. చెప్పింది నేనే, నా పేరు సాహితి. ఆ పరీక్ష చేసింది కూడా నేనే.”

“నీ డాక్టరేటు...” అంటూ సార్ పళ్ళు నూరాడు. “రేపు కర్నూలు సభకు రావా?”

“కర్నూలుకే పోతాండా సార్. సభకు గాదు, సిద్దమ్మక్కను తీసుకోని ఆస్పత్రికి.”

తిమ్మయ్య కషాయం తొట్టిలో ఒంపేసి, గ్లాసు కడిగి, మళ్ళీ కడిగాడు. మెట్లు దిగుతుండగా అడిగాడు.

“పాపా, ఒక మంగళారం పాయె గదా. మళ్ళా ఎక్కిస్తే పని జేస్తాదా?”

సాహితికి తెలియదు. “అడుగుదాం పద, అన్నా” అంది.